మాటల్లేవన్న పాట

నలభై ఏళ్ళ కిందటి బ్యాండు ఒకటి, ఆల్బముల్లోకి ఎక్కకుండా మిగిలిపోయిన తన పాటలన్నీ ఏరి, రెండు రికార్డుల సంకలనంగా వేసింది. ఒక్క పాటకని వేసే సింగిల్ రికార్డులకి వెనకవైపు వేసినవి, సగంలో వదిలేసిన డెమోలు, ఎక్కడో ఒక్క దేశంలో అమ్మి ఆపేసినవి. మన సినిమాల్లో కూడా రికార్డు మీద ఉండి తెర మీద లేకుండా పోయిన పాటలుండేవి చూడండి, ఆ జాతివన్నమాట. నన్నడిగితే ఏ బ్యాండు సత్తా అయినా అక్కడే తెలుస్తుంది. హిట్ పాటను రేడియోవాళ్ళు మోస్తారు. వెనకవైపు పాట తన కాళ్ళ మీద తానే నిలబడాలి.

యూనీలో, అదే యూనివర్సిటీలో, చదివే మా మనవరాలు నా పుట్టినరోజుకని ఈ సంకలనాన్ని ఇక్కడ సిడ్నీలోనే, పారమట్టాలో కొని తెచ్చింది. బ్యాండు పేరు రాయను. వాళ్ళ మీద నాకే కోపమూ లేదు. నా కోపమంతా రికార్డులతోపాటు వచ్చిన చిన్న పుస్తకం మీద. రెండో రికార్డులో ఆఖరి పాట గురించి అందులో ఏం రాశారంటే, ఇది ఉత్త వాయిద్యాల ముక్క, దీనికి మాటలు ఎప్పుడూ రాయలేదు అని.

పుస్తకాన్ని బల్ల మీద విసిరేశాను.

"అబద్ధం! దీనికి మాటలున్నాయి. మూడు చరణాలు. నేను విన్నాను."

"తాతా, చిల్. బుక్‌లెట్‌లో క్లియర్‌గా ఉంది కదా," అంది మనవరాలు.

"అచ్చులో ఉంటే నిజమైపోద్దా?"

మా అబ్బాయి ల్యాప్‌టాప్ మీంచి తలెత్తాడు. "ఇంకేదో పాటతో కలిసిపోయుంటుంది నాన్నా. అవుతుంటుంది."

ఆ 'అవుతుంటుంది' అన్న మాట ఊరికే రాలేదు. అంతకు కొద్దిరోజుల ముందు షాపింగ్ సెంటరులో కారు పెట్టి, కూరలు కొని, ఎదురుగా బస్సు వచ్చి ఆగితే ఎక్కి ఇంటికి వచ్చేశాను. సాయంత్రం వాడు ఆఫీసు నుంచి వచ్చి "కారేది?" అని అడిగేదాకా నాకు కారు గుర్తే రాలేదు. జరిగింది, లేదనను. ఇక్కడ డెబ్బై అయిదు దాటినవాడికి ఏటా డాక్టరు సంతకం పెడితేనే లైసెన్సు నిలుస్తుంది. ఆ పరీక్ష దగ్గర పడింది. ఈసారి తానూ వస్తానన్నాడు మా అబ్బాయి. ఎందుకో నాకు తెలుసు. బస్సు సంగతి డాక్టరు చెవిన వెయ్యడానికి. మేముండే ఈ ద పాండ్స్ పేటలో కారు తోలలేని ముసలాడు సోఫా కింద లెక్క. లైబ్రరీకి వెళ్ళాలన్నా, నా ఈడువాళ్ళతో నాలుగు మాటలు పోట్లాడి రావాలన్నా ఒకరి తీరిక కోసం కాచుకోవాలి. జీవితంలో ఎవరి కోసమూ కాచుకోలేదు నేను.

ఇంతకీ ఆ పాట నాకెలా తెలుసంటే, మా బావగారి వెనకాల ఈ దేశం వచ్చిన కొత్తల్లో, పదో తరగతి చదువుతో, సిడ్నీ పడమటి దిక్కున ఒక క్లబ్బు వంటగదిలో గ్లాసులు కడిగేవాణ్ణి. వారం వారం ఈ బ్యాండు అక్కడ వాయించేది. న్యూ వేవ్ అనేవాళ్ళు ఆ సంగీతాన్ని. గిటారు కన్నా కీబోర్డు మోత ఎక్కువ. భుజాలు పొంగిన కోట్లు, నవ్వని మొహాలు. జనం రాకముందు మైకులు సరిచూసుకుంటూ తమ కోసం ఈ పాట పాడుకునేవాళ్ళు. మధ్యలో ఆగి తిట్టుకునేవాళ్ళు, మళ్ళీ మొదలెట్టేవాళ్ళు. వాళ్ళకీ నాకూ మధ్య గ్లాసులందించే కిటికీ ఒక్కటే అడ్డం.

నా ఇంగ్లీషు అప్పటికి 'యెస్', 'సారీ' దాటలేదు. అర్థం తెలియకుండానే మొత్తం నోటికి పట్టేశాను. ఇందులో వింతేముంది? మా బళ్ళో పద్యాలు నేర్పింది అలాగే. మేష్టారు ఒక పాదం అనడం, మేమంతా గొంతెత్తి అనడం. అర్థం ఎప్పుడో పెద్దయ్యాక, అడక్కుండానే, తనంతట తాను వచ్చేది. ఈ పాటకూ అలాగే వచ్చింది, కొన్నేళ్ళ తర్వాత, పనికెళ్ళే రైల్లో. ఒకమ్మాయి ప్లాట్‌ఫారం మీద కోటు మరిచిపోతుంది. తిరిగిచ్చేద్దామని ఒకబ్బాయి రోజూ అదే రైలు వేళకు వస్తాడు. మూడో చరణంలో చలికాలం ముదిరిపోయి, ఆ కోటు వాడే తొడుక్కుని వెళ్ళిపోతాడు. రైల్లో ఒక్కణ్ణీ పకపకా నవ్వాను. పక్కావిడ లేచి వేరే సీటుకు వెళ్ళింది. నాకు ఇంగ్లీషు బడి అదే. ఆ తర్వాత నిఘంటువు పక్కన పెట్టుకుని లైబ్రరీలో ఎన్నో చదివాను గానీ, మొదట కూర్చోబెట్టి నేర్పింది ఆ పాట.

అలాంటి దానికి మాటల్లేవని, అప్పటికి పుట్టి కూడా ఉండని ఒకాయన అచ్చేస్తే ఊరుకుంటానా?

"పెట్టమ్మా, ఆ పాట పెట్టు," అన్నాను మనవరాలితో. ఈ తరానికి మళ్ళీ రికార్డు ప్లేయర్ల మోజు పట్టడం నా అదృష్టం.

మొదటిసారి తొందరపడి ముందే ఎత్తుకున్నాను. మళ్ళీ పెట్టించాను. ఈసారి పల్లవి వెళ్ళి ఆ వాయిద్యం మీద కూర్చుంది. చరణాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. మూడో చరణంలో ఒకచోట వాయిద్యాలన్నీ ఒక్క ఊపిరి సేపు ఆగిపోతాయి. ఆ ఖాళీలో వాడు కోటు తొడుక్కునే మాట ఒక్కటే పడాలి. పడింది. వెంటనే డ్రమ్ము అందుకుంది.

మనవరాలు నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "ఓ మై గాడ్, తాతా! ఆ గ్యాప్ అందుకే ఉందా?"

నేను మా అబ్బాయి వైపు చూశాను. వాడు చిన్నగా చప్పట్లు కొట్టాడు. "ఒప్పుకుంటున్నాను నాన్నా. మాటలున్నాయి."

"అయితే ఇంక డాక్టరు దగ్గరికి నువ్వెందుకు?"

"అదీ ఇదీ ఒకటి కాదు. నలభై ఏళ్ళ కిందటిది మీకు ఎప్పుడూ గుర్తుంటుంది. మొన్న కారు గుర్తులేదు. ఆ డాక్టరమ్మ అడిగేది మొన్నటి గురించి."

వాడి మాటలో తప్పు పట్టుకుందామని భోజనాలయ్యేదాకా వెతికాను. దొరకలేదు. దాంతో ఇంకా మండింది.

దారి చూపించింది మనవరాలే. "సో, కొత్తది నేర్చుకో తాతా. ఫస్ట్ రికార్డులో నువ్వు అసలెప్పుడూ వినని సాంగ్ ఒకటుంది. డాడ్ ముందు పాడు. యూ గాట్ దిస్."

ఎక్కడో పరాయి దేశంలో తప్ప అమ్మని పాట అది, మాటలు గుక్క తిప్పుకోకుండా పరిగెత్తుతాయి. నేను పుస్తకం చూడనన్నాను. మనవరాలు ఒక పాదం చెప్పడం, నేను అనడం. గడుసు మేష్టారు! "అగైన్," అంటుంది, ఇంకేం మాట్లాడదు. ఒకప్పుడు రెండు మూడుసార్లు వింటే దిగేది నాలోకి. ఇప్పుడు ఒక పాదం పట్టుకుంటే దాని ముందరిది జారిపోయేది. ఒక పూట భయం వేసిన మాట నిజం. వాడన్నదే నిజమేమోనని. ఆ భయాన్ని దగ్గర కూర్చోనివ్వలేదు. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ అన్నాను, మొక్కలకు నీళ్ళు పోస్తూ అన్నాను, స్నానాల గదిలో అన్నాను. ఆఖరికి పాదాలు ఒకదాన్నొకటి పిలుచుకోవడం మొదలెట్టాయి.

ఆదివారం పెరట్లో బార్బీ, అదే బార్బెక్యూ పొయ్యి, పెట్టారు. మా అబ్బాయి ఒక చేత్తో చికెన్ తిప్పుతూ, ఇంకో చేత్తో పుస్తకంలో ఆ పాట పేజీ తెరిచి పట్టుకున్నాడు. ఆ పుస్తకం మొత్తానికి పనికొచ్చిన పేజీ అదొక్కటే. పాట మొదలెట్టి చివరిదాకా ఎక్కడా ఆగకుండా అనేశాను.

"రెండో చరణంలో లైన్లు అటూ ఇటూ అయ్యాయి," అన్నాడు.

"అలా ఉంటేనే బాగుంటుంది."

"బాగుంటుందా లేదా అని కాదు నాన్నా..."

"డాడ్, చికెన్ మాడిపోతోంది!" అంది మనవరాలు. ముగ్గురం నవ్వాం. కానీ వాడు నవ్వాక కూడా, "డాక్టరుకి బస్సు విషయం మాత్రం చెప్తాను. చెప్పాలి," అన్నాడు. మొండితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో వేరే అడగక్కర్లేదు.

డాక్టరమ్మ ఎదురుగా కూర్చున్నాక వాడు గొంతు సవరించుకున్నాడు. వాడికి ఆ అవకాశం ఇవ్వలేదు నేను. "కారు షాపింగ్ సెంటరులో మరిచిపోయి బస్సులో ఇంటికొచ్చాను," అన్నాను, నా ఇంగ్లీషులో, స్పష్టంగా. "ముందు అది రాసుకోండి. తర్వాత ఏమడుగుతారో అడగండి."



ఆవిడ అడిగింది. కొన్ని మాటలు చెప్పి, ఏవేవో కబుర్లలో పెట్టి, మళ్ళీ ఆ మాటలు చెప్పమంది. పాదం పాదంగా పట్టుకున్నాను గనక వరసన వచ్చేశాయి. గడియారం బొమ్మ గియ్యమంటే గీశాను. ఆవిడ కాగితం ముందుకు లాక్కుని చెప్పింది. "సంతకం పెడతాను. కానీ మీరు చెప్పింది విన్నాక, రోడ్డు మీద ఒక డ్రైవింగ్ పరీక్ష కూడా పెట్టమని రాస్తాను. అది అయ్యేదాకా తోలవచ్చు, పక్కన ఒకరుంటే నాకు తృప్తి."

"పెట్టుకోనివ్వండి. నేనెలా తోలతానో పరీక్షించేవాళ్ళకే తెలుస్తుంది," అన్నాను.

బయటికి వచ్చాక మా అబ్బాయి కారు చుట్టూ తిరిగి ఎడమవైపు తలుపు దగ్గర నిలబడి, తాళాలు నాకు విసిరాడు.

"పదండి, ప్రాక్టీసు మొదలెట్టండి. రౌండబౌట్ల దగ్గర మీరు ఇండికేటర్ వెయ్యరు."

"వేస్తాను."

"వెయ్యరు నాన్నా. ఇన్నేళ్ళలో ఒక్కసారి వెయ్యడం చూళ్ళేదు."

"నువ్వు ముందు బెల్టు పెట్టుకో," అన్నాను.