పసుపు పడిన ఉమెబోషి

మేముంటున్న శాన్ రామన్ ఊళ్లో మా పక్కింటి జపనీస్ పెద్దావిడ పెరట్లో ఒక ఉమె చెట్టు ఉంది. కాయ చూడటానికి చిన్న ఆప్రికాట్ లాగే ఉంటుంది. కొరికితే మాత్రం చింతకాయే నయమనిపిస్తుంది. ఆవిడ ఏటా జూన్‌లో ఆ కాయలను ఉప్పులో ఊరవేసి, ఎండబెట్టి, ఉమెబోషి అనే ఊరగాయ పెట్టేవారు.

నిరుడు సరిగ్గా కాయలు పండే సమయానికి ఆవిడ మెట్టు మీద జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. వేసవి చివర ఇల్లు ఖాళీ చేసి సియాటిల్‌లో కొడుకు దగ్గరికి వెళ్లిపోతారు కాబట్టి, ఆ చెట్టు కాయలతో ఆవిడ తినబోయే ఆఖరి ఊరగాయ ఆ ఏటిదే. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, రాలిన కాయలకేసి చూస్తూ కూర్చున్న మనిషిని చూసి నా ప్రాణం ఉసూరుమంది. "మీరు చెప్పండి, నేను పెడతాను" అన్నాను.

ఊరగాయల విషయంలో నాకు కాస్త గర్వం ఎక్కువే. ఆవిడ పద్ధతి చెబుతుంటే లోలోపల నవ్వుకున్నాను. కాయలకు ఉప్పు పట్టించాలి, బరువు పెట్టాలి, ఊట ఊరాక తీసి ఎండబెట్టాలి. ఇది మన మాగాయ కాక మరేమిటి? తాతకు దగ్గులు నేర్పుతున్నారనుకున్నాను.

కాయలు కోసి, పెరట్లోనే కూర్చుని, టూత్‌పిక్‌తో ఒక్కో కాయ తొడిమ తీశాను. ఊరికే చూస్తూ కూర్చోలేక ఆవిడ తన వకయామా గురించి చెప్పడం మొదలుపెట్టారు. ఒసాకాకు దక్షిణాన, సముద్రంలోకి చొచ్చుకుపోయిన కొండల సీమ అది. సాగుకు చదును నేల తక్కువ. ఆవిడ పుట్టిన మినబే వైపు నేల మరీ పిసినారిదట, వరి పండదట. ఉమె చెట్లు వేసిన పేద రైతులకు పూర్వం అక్కడి దొర పన్ను తగ్గించాడట. జపాన్‌లో ఇప్పుడు అన్నిటికన్నా ఎక్కువ ఉమె పండేది అక్కడేనని చెబుతూ ఆవిడ కొంచెం నిటారుగా కూర్చున్నారు.

"కొండ వాలంతా నారింజ తోటలు. శీతాకాలంలో కొండకు కొండే పసుపూ ఎరుపూ కలిసిన రంగులో ఉంటుంది" అన్నారు.

దేవదారు అడవుల్లోంచి కుమనో గుళ్లకు వెళ్లే కాలిబాటల మీద ఒకప్పుడు క్యోటో నుంచి చక్రవర్తులు కూడా నడిచి వచ్చేవారట. నాచి జలపాతాన్నే దేవుడని మొక్కుతారు. కోయా కొండ మీద వెయ్యేళ్లకు పైబడిన మఠాల ఊరుంది, ప్రయాణికులకు సన్యాసులే భోజనం పెడతారు. వకయామా పట్నంలో గుట్ట మీది కోట యుద్ధంలో కాలిపోతే మళ్లీ కట్టుకున్నారు. తెల్ల ఇసుక బీచ్ పక్కనే వేడినీటి బుగ్గలు. వినడం నాకు హాయిగా ఉంది, చెప్పడం ఆవిడకు ఇంకా హాయిగా ఉంది. చెట్టు మీద ఒక్కటి మిగల్చకుండా కోసిన కాయలన్నీ తొడిమలు ఊడి పెద్ద పళ్లెం నిండా చేరాయి.

ఆ పళ్లెం మా ఇంటికి తెచ్చి, ఆవకాయ జాడీలో ఉప్పు కలిపి పెట్టాను. కొన్నాళ్లకు మా అమ్మాయి మూత తీసి చూసింది.

"అమ్మా, ఆంటీ వాళ్ల పికిల్ ఎప్పుడూ రెడ్ కదా. ఇది యెల్లో ఎందుకు ఉంది?"

వచ్చి జాడీలోకి చూశాను. ఉప్పు డబ్బా పక్కనే పోపుల డబ్బా. ఉప్పు కలిపిన రోజు నోరు వకయామా కబుర్లు మా ఆయనకు చెబుతుంటే, చెయ్యి తన అలవాటు కొద్దీ పసుపు వేసేసింది.

"పసుపే కదా, మంచిదే. లేకపోతే ఇంకో బ్యాచ్ పెట్టేసెయ్" అన్నాడు మా ఆయన.

"చెట్టుకి కాయలేవండీ?" అన్నాను. ఏడుపొచ్చింది.

జాడీ ఎత్తుకుని పక్కింటికి వెళ్లి, జరిగింది చెప్పాను. ఆవిడ వంగి చూశారు. ఎడమచేతి వేలు ఊటలో ముంచి నాలుకకు రాసుకున్నారు. లోపలికి వెళ్లి, ఈ ఊరగాయలో వేయడానికే కుండీలో పెంచిన ఎర్రాకులు తెచ్చి, ఉప్పుతో నలిపి ఊటలో కలపమన్నారు. ఉమెబోషికి ఎరుపు వచ్చేది ఆ ఆకుల వల్లేనట. బాగా ఊరాక కాయలు తీసి, మా ఊళ్లో డాబా మీద ఎండే మాగాయ ముక్కల్లాగే చాపల మీద పరిచి, శాన్ రామన్ ఎండకు ఎండబెట్టాను. ఆవిడ ఆఖరి ఊరగాయ పాడుచేశాననే బాధ నన్ను పీకుతూనే ఉంది.

కాయలు ఎర్రగా రాలేదు, అలాగని పసుపుపచ్చగానూ లేవు.

చేతి కట్టు విప్పించుకుని వచ్చిన రోజు ఆవిడ వేడి అన్నం వండారు. ఒక కాయ అన్నం మీద పెట్టుకుని నెమ్మదిగా తిన్నారు.

"మా కొండల రంగు వచ్చింది" అన్నారు. ఇంకో కాయ చేతిలోకి తీసుకుని, "మా ఊళ్లో ఒక్కో ఇంటి ఉమెబోషి ఒక్కో రుచి. తినగానే ఎవరింటిదో చెప్పేస్తాం. ఈ దేశం వచ్చిన దగ్గర్నుంచీ నేను మా అమ్మ ఇంటి రుచే పెడుతూ వచ్చాను. ఈ ఇంటిదంటూ ఒకటి ఉండాలని ఎప్పుడూ తోచలేదు" అన్నారు.

సగం తనకు, సగం నాకు సీసాల్లో సర్దించారు. తన సీసా మూత మీద, కట్టు విప్పిన కుడిచేత్తో, జపనీస్‌లో ఏదో రాశారు. వకయామా అని రాశారా అని అడిగాను.

"కాదు. శాన్ రామన్ అని" అన్నారు.