అత్త చీర అంచు కుట్టిన సంచులు

“నా సంచి నాకు తెల్వదానే? ఆ పచ్చంచు అత్త చీరది. సగం నీ దగ్గరున్నది, సగం నా దగ్గరున్నది. నా సగం నేను సంచుల మూతికి కుట్టిన. గవ్వి కుంట గట్టు మీద పొగలు కక్కుతాంటే బస్సు కిటికీల నుంచి నా కండ్లతోని చూసిన.”

“చూసినవ్ గదా, అయిపాయె. ఇగ నన్నేం జేయమంటవక్కా? ఎవ్వలకేం తక్కువ జేసిన? అందరి వాకిళ్లు ఊడ్చినం, అందరి చెట్లు కత్తిరించినం, అందరికి ఎరువు సంచి ముట్టింది. ఎవ్వల చెట్టన్న ఎండిందా?”

“చెట్ల సంగతి అడుగుతలేనే. గా చెత్త వాళ్లు ఎవ్వల మాట మీద ఇచ్చిండ్రు? నా మాట మీద.”

“నీ మాట, నీ మాట! నువ్వు కుర్సీల కూసోని మాట చెప్తవ్. నెత్తి మీద మోసేది నేను.”

నిన్న మనవరాలి గౌనుకు గుండీ ఊడిపోతే దారం కోసం కుట్టు డబ్బా తెరిచాను. అడుగున మూరెడు పచ్చంచు ముక్క చేతికి తగిలింది. దాన్ని చూడగానే ఈ మాటలన్నీ వరుసగా చెవిలో పడ్డాయి. ఆ రోజు మట్టెవాడలో మా ఇంటి వెనక వసారాలో నేను సూది పట్టుకుని కూర్చుని ఉన్నాను, ఒళ్లో సగం కుట్టిన సంచి ఉంది. నా యారాలు, అంటే మా మరిది భార్య, చెప్పులు కూడా విడవకుండా మెట్టు కింద నిలబడి ఉంది. ఎన్నో ఏళ్లుగా ఒకరి ఇంట్లో ఒకరం అడగకుండా గిన్నె తీసుకుని అన్నం పెట్టుకు తిన్నవాళ్లం. ఆ రోజు నేను కూర్చోమనలేదు, ఆమె కూర్చోలేదు.

మా మరిది పత్తి మిల్లులో బేళ్లు మోసి మోసి నడుము పట్టేసి మంచాన పడ్డాక ఆమె కాలనీల్లో వాకిళ్లు ఊడ్చే పనికి కుదిరింది. ఊడ్చే చోట చెట్లు ఉంటాయి కదా, ‘జర ఈ కొమ్మ కొట్టు’ అని ఒకరు, ‘ఈ కుండీలో మన్ను మార్చు’ అని ఇంకొకరు అడగడంతో అది కాస్తా తోటపని అయింది. ఇప్పుడు ప్రతి ఇంటికీ మెట్ల మీద కుండీలు, స్లాబు మీద కుండీలు, గేటు పక్కన పూలతీగ. పెంచడానికి అందరికీ ముచ్చటే, రాలిన ఆకు ఎక్కడ పోయాలన్నప్పుడే ఇంట్లో ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. పొద్దున వచ్చే మున్సిపాలిటీ ఆటో వాళ్లు కొమ్మలు చూస్తే ఆపకుండా పోతారు. కొందరు గేటు ముందరే కాల్చేసేవారు, కొందరు రోడ్డు పక్క మోరీలోకి నెట్టేవారు. వాన పడిన రోజు ఆ మోరీ నీళ్లు అందరి గడపలూ తొక్కేవి.

దానికి మందు నేనే చెప్పాను. నేను చదివింది మూడో తరగతి, మిగతాదంతా మా అత్త దగ్గర నేర్చుకున్నాను. మా అత్త ఇంట్లో పారేసే వస్తువు అంటూ ఉండేది కాదు. బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకు చెట్టుకు పోయేవి, చిరిగిన లుంగీ బొంతలోకి పోయేది, బొంత చిరిగితే గడప ముందు కాళ్లు తుడుచుకునే గుడ్డ అయ్యేది. అందుకే యారాలికి చెప్పాను, ఆకు వేరు, ప్లాస్టిక్ వేరు అని. మొక్కలతో పాటు వచ్చే నల్ల కవర్లు, పగిలిన ప్లాస్టిక్ కుండీలు పాత సామాను వాడికి. లావు కొమ్మలు నీళ్లు కాచుకునే వాళ్లకు. ఆకు, గడ్డి, వాడిన పూలు గుంతలో వేసి, మాగిన తర్వాత ఏ ఇంటి నుంచి తెచ్చామో ఆ ఇంటికే ఒక సంచి ఎరువు తిరిగి ఇవ్వాలి. ఆమె మాట మెత్తన, ఎవరు ఏది కలిపి ఇచ్చినా తీసుకునేది. కాబట్టి మొదట్లో ఇల్లిల్లూ నేనే తిరిగి చెప్పాను. ఒక డాక్టరు గారి భార్య ఆకుల బకెట్ అడుగున పిల్లల డైపర్లు దాచి ఇచ్చింది. ఆ బకెట్ ఆమె గేటు ముందరే బోర్లించి, “ఇది ఏ చెట్టు ఆకమ్మా?” అని అడిగాను. అప్పటి నుంచి ఆ వీధిలో నా పేరు హెడ్మాస్టరమ్మ. మూడో తరగతి మీద అంత దూరం ఎవరు పోయి ఉంటారు!

ఆ చెప్పిన మాటను అందరికంటే గట్టిగా పట్టుకున్నది మా వెనక గల్లీలోని ఖాలమ్మ. పాత నీళ్ల డ్రమ్ము సగానికి కోయించి అందులో దానిమ్మ పెంచుతుంది. గుడ్డు పెంకులు కడిగి, ఎండబెట్టి, రోట్లో దంచేది. చాయ్‌పత్తిని రెండుసార్లు నీళ్లలో జాడించేది, చక్కెర ఉంటే చీమలు పడతాయని. రెండూ కలిపి పాత నెయ్యి డబ్బాలో పోసి, డబ్బా నిండాక నాకు కబురు చేసేది. “అక్కా, మీ గుంతల నాది గూడ కలుస్తది గదా?” అని ప్రతిసారీ అడిగేది. “కలువక ఏడ పోతది?” అని నేను ప్రతిసారీ అనేదాన్ని.

గుంతలు ఊరి బయట, కుంట పక్కన యారాలి తమ్ముడి చెలకలో ఉండేవి. నేను అక్కడికి పోయింది ఒక్కసారే. మొదటి గంప ఆకు నా చేత్తోనే వేసి, పేడనీళ్లు చల్లి వచ్చాను. తర్వాత మళ్లీ పోలేదు. మోకాళ్ల నొప్పి ఒక కారణం. అసలు కారణం, పోను రాను ఆటోకు దండగ ఎందుకని. సొంత యారాలు చేసే పనిని పోయి తనిఖీ చేసేదేముంది? నెలకోసారి ఎరువు సంచి మా ఇంటికి వస్తుండె, చెయ్యి పెట్టి చూస్తే తెలిసిపోతుండె. ఎక్కడ చూపు పెట్టాలో అక్కడ పెట్టకుండా ఆటో కిరాయి మిగుల్చుకున్నాను.

సంచుల పని నాది. బియ్యం సంచుల మూతి పీచులు లేస్తుంది, ఎత్తుకున్నప్పుడు చేతికి కోసుకుంటుంది. మా అత్త పోయాక ఆమె మంచి చీర ఒకటి మిగిలింది, సాలోళ్ల దగ్గర నేయించుకున్న ముతక చీర, ఆవపిండి రంగుకు పచ్చంచు. మేమిద్దరం దాన్ని సగం సగం కోసుకున్నాం. తన సగం ఆమె పెట్టెలో కలరా ఉండల మధ్య దాచుకుంది. నేను నా సగాన్ని చీలికలు చేసి సంచుల మూతికి మడతేసి కుట్టాను. “అత్త చీరను చెత్త సంచికి కుడతానవా అక్కా?” అని నొచ్చుకుంది. “అత్త ఉంటే ఆమెనే కుట్టేది” అన్నాను. అబద్ధం కాదు.

పోయిన వానాకాలం నుంచి ఖాళీ సంచులు తిరిగి రావడం తగ్గింది. అడిగితే, “వానకు నాని చినిగిపోయినయక్కా” అంది. సరే అని కొత్తవి కుట్టాను. అదే సమయంలో ఎరువు కూడా మారింది. అంతకుముందు ఎప్పుడూ పుల్లలు, సగం మాగిన ఈనెలు, తెల్లగా గుడ్డు పెంకు ముక్కలు ఉండేవి. జల్లెడ సరిగ్గా పట్టలేదని నేను ప్రతిసారీ తిట్టేదాన్ని. వానల తర్వాత వచ్చింది చాయ్‌పత్తి పొడిలా ఉంది, వేలితో రాస్తే ఒక్క పుల్ల తగలలేదు. “ఇన్నేండ్లకు జల్లెడ పట్టుడు నేర్చుకున్నవే! గిట్ల ఉండాలె ఎరువంటే” అని మెచ్చుకున్నాను. ఆమె తల వంచుకుని కాలి వేలితో నేల రాసింది. సిగ్గుపడుతోంది అనుకున్నాను. ఆ పొడిలో ఖాలమ్మ దంచిన పెంకు ఒక్క తునక కూడా లేదని నాకు తట్టనే లేదు.

మనవరాలి జ్వరం తగ్గితే మేడారం వస్తానని మొక్కుకున్నాను. జాతర రద్దీ లేని రోజు చూసి బెల్లం మూట పట్టుకుని బస్సెక్కాను. ఊరు దాటాక కుంట దగ్గర రోడ్డు నిండా పొగ కమ్మి, బస్సు నడకలా సాగింది. పక్కన ఉన్న ముసలాయన తువ్వాలు ముక్కుకు పెట్టుకుని, “రోజు గిదే లొల్లి, ఎవలో చెట్ల చెత్త తెచ్చి కాలవెడ్తాండ్లు” అన్నాడు. కొమ్మలు, ఆకులు, నల్ల కవర్లు అన్నీ ఒకే కుప్ప. ఆ కుప్ప మీద మూతి విప్పకుండానే విసిరిన మూడు సంచులు. రెండు నల్లబడ్డాయి. మూడోదాని పచ్చంచుకు అప్పుడే నిప్పు అంటుకుంటోంది. నా కుట్టు నాకు తెలుసు, మూలన రెండుసార్లు ముడేస్తాను. మేడారంలో గద్దెల దగ్గర బెల్లం పెట్టి, చేతులు జోడించి, మొక్కు దేనికో చాలాసేపు గుర్తు రాలేదు.

ఆ సాయంత్రం కబురు చేస్తే యారాలు వచ్చింది. వచ్చాకే ఆ గొడవ. దాచలేదు, అన్నీ చెప్పింది. వానల ముందు తమ్ముడు చెలకను ప్లాట్లు చేసి రాళ్లు పాతించాడట. గుంతలు పూడ్చేశారట. ఎరువు మొక్కలమ్మే దుకాణంలో కొని నా సంచుల్లో పోసి తెచ్చిందట.

“గుంతలు పోయిననాడే నాకెందుకు చెప్పలే?” అన్నాను.

“చెప్తే నువ్వేం జేద్దువు? తెల్లారే పని బంద్ వెట్టిద్దువు. మంచం మీద మనిషికి గోలీలు నీ నీతి తెచ్చిపెడ్తదా?”

“మా దొడ్లె తవ్వుకుంటే నేను వద్దంటునా?”

“నీ దొడ్లెనా? ఊరందరి చెత్తనా?” నవ్వింది, ఆ నవ్వులో నవ్వు లేదు. “నీ కరివేపాకు చెట్టు కింద చెప్పులే ఇడువనియ్యవ్, అక్కా.”

నిజంగానే విడవనివ్వను. అయినా కోపం తగ్గలేదు. కొన్నదానికి కాదు, కాల్చినదానికి కూడా అంతగా కాదు. ఇంకొకటి లోపల కెలుకుతోంది. “నేను ఎరువు మంచిగున్నదని మెచ్చుకుంటాంటే నువ్వెట్ల నిలవడ్డవే ఆడ? దుకాణంల ఎరువని నోరెందుకు రాలే?”

ఆమె, “నేనీ ఇంటికొచ్చిన కాన్నుంచి నువ్వు నన్ను మెచ్చుకున్నది గదొక్కసారే అక్కా. కాదన బుద్ధి కాలే” అంది.

“నడువ్” అన్నాను. వెళ్లిపోయింది.

తెల్లారి ఆరున్నరకు ఆమె చెత్త ఎత్తుకుపోయే ట్రాలీ ఆటో ఎప్పటిలాగే మా గేటు ముందు ఆగి హారన్ కొట్టింది. యారాలు దిగి, ఏమీ జరగనట్టు, “అక్కా, సంచులు” అంది. నేను చెప్పులు వేసుకుని ఆమె పక్క నుంచే బయటికి నడిచి ఖాలమ్మ గల్లీలోకి తిరిగాను. ఎక్కడికి పోతున్నానో ఆమెకు అర్థమైంది.

ఖాలమ్మ చాయ్ గిన్నె దించి వచ్చి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. “మరి నా దానిమ్మకు పోసింది?” అంది. బజారుదన్నాను. లోపలికి పోయి నెయ్యి డబ్బా తెచ్చింది, నిండుగా ఉంది. “మరిది ఏం జెయ్యాలె అక్కా?” అని అడిగింది. రెండు చేతులతో డబ్బా అందుకున్నాను. ఆ డబ్బా పట్టుకునే నడవగలిగినన్ని ఇళ్లకు పోయి చెప్పాను. ఒకావిడ నా ముఖం మీదే తలుపు వేసింది. అది నయం. ఎక్కువమంది, “పోనీలే అమ్మా, వాకిలి సాఫ్ అయితాంది గదా” అన్నారు. డాక్టరు గారి భార్య ముఖం మాత్రం వెలిగిపోయింది. “అయితే ఇక వేరు చేయక్కర్లేదు కదా?” అని అడిగింది.

ఇంటికి వచ్చేసరికి గేటు ముందు ఆటో లేదు. గడ్డపార తీసుకుని కరివేపాకు చెట్టు పక్కన తవ్వాను. నా మోకాళ్ల నొప్పితో జానెడు లోతే తవ్వగలిగాను. డబ్బా అందులో బోర్లించి, వాకిట్లో ఊడ్చిన ఆకు వేసి, మన్ను కప్పాను. ఆకు మన్ను కావడానికి నాలుగు నెలలు పడుతుంది, ఆ సంగతి ఊరందరికీ చెప్పినదాన్ని. గోడ మీద బొగ్గుతో నెలకొకటి చొప్పున నాలుగు గీతలు గీశాను, తీరినకొద్దీ కొట్టేద్దామని. యారాలి సంగతికి ఎన్ని గీయాలో తెలియక, బొగ్గు గోడ మీదే పెట్టి, చేతులు కడుక్కున్నాను.