జీడిపిక్కల గోడౌనులో ఆవిడ

ఆ రోజుల్లో ఆడపిల్ల తనకు దెయ్యం కనబడిందని చెప్పుకోవడానికి సిగ్గుపడేది కాదు గానీ, నెలసరి వచ్చిందని చెప్పుకోవడానికి మాత్రం సిగ్గుతో చచ్చిపోయేది. తొంభైల చివర్లో నేను ఇంటర్ ముగించి, డిగ్రీ మీద ఆశ వదులుకుని, నర్సీపట్నం నుంచి బలిఘట్టం వెళ్లే దారిలో ఉన్న ఒక జీడిపప్పు షెడ్డులో సూపర్‌వైజరుగా చేరాను. (పేరుకే సూపర్‌వైజరుని. రోలుగుంట వైపు నుంచి వచ్చే ఆడవాళ్లు పొట్టు తీసిన పప్పులో నిండు గుళ్లు, విరిగిన బద్దలు వేరయ్యాయో లేదో చూడడం, వాళ్లు నన్ను చూసి నవ్వుకుంటుంటే చూడనట్టు ఉండడం, ఇదే నా పని.) యజమానిని అందరం షావుకారు గారనేవాళ్లం. మనిషి చెడ్డవాడు కాదు. కాకపోతే పని మధ్యలో లేచి ఇంటికి వెళ్లినవాళ్లకు ఆ రోజు కూలి ఉండదు. కారణం ఆయన అడిగేవాడు కాదు, ఎవరూ చెప్పేవారు కాదు. నెలకోసారి ఒక్కొక్కరూ పెదవి కొరుక్కుంటూ, గోడకు ఆనుకుని పొట్టు తీస్తూ ఉండేవారు.

షెడ్డు వెనక ఒక పాత గోడౌను ఉండేది. ఖాళీ గోనెసంచులు తప్ప అందులో ఏమీ లేవు. చాలా ఏళ్ల కిందట పని చేస్తున్న ఒకామె నీరసంగా ఉందంటూ అందులోకి వెళ్లి పడుకుందని, పని దిగేవేళ పిలిస్తే లేవలేదని చెప్పుకునేవారు. ఆమె పేరు ఎవరూ పలికేవారు కాదు. ‘ఆవిడ’ అనేవారు, అంతే. మా మేస్త్రక్క ఆడవాళ్లందరి మీదా పెద్ద, గొంతు అంతకంటే పెద్దది. ఆమె కూడా ఆ తలుపు ముందు నుంచి నడిచేటప్పుడు మాట ఆపేసేది. మాది ప్రార్థన చేసుకునే ఇల్లు, నాన్న చర్చిలో పెద్ద, కనుక దెయ్యాలు లేవని నా గట్టి నమ్మకం. (గోడౌనుకు ఇవతల ఉన్నంతసేపే.)

ఒక వానాకాలం మధ్యాహ్నం నాకు డేటు వచ్చింది. నడుము విరిగిపోతోంది, కళ్లు తిరుగుతున్నాయి. కరెంటు పోయింది. రేకుల మీద వాన హోరు. గుడ్డ మార్చుకోవడానికి వేరే చాటు లేక గోడౌనులోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాను. అప్పుడు లోపలి మూల నుంచి జీడిపిక్క పగులుతున్నట్టు చిన్న చప్పుడు వచ్చింది. కాస్త ఆగి, మళ్లీ వచ్చింది. ఎలుకేమో అనుకున్నాను. ఇంతలో అదే మూల నుంచి, ఎన్నాళ్ల నుంచో ఎదురుచూస్తున్నట్టు, ఓపికైన ఆడగొంతొకటి అంది.

“ఇంటికెల్లి పడుకో గుంటా.”

చిన్నప్పటి నుంచీ కంఠస్థం చేసిన బైబిలు వాక్యాల్లో ఒక్కటి కూడా ఆ క్షణాన నా సాయానికి రాలేదు. ఎలా బయటపడ్డానో తెలియదు, వెళ్లి షావుకారు గారి బల్ల ముందు కూలబడ్డాను. మొహాన నీళ్లు చల్లారు.

“ఏటైందమ్మా? సెప్పు,” అన్నాడాయన.

“గోడౌన్లో ఎవరో ఉన్నారండి. ఇంటికి పొమ్మన్నారండి.”

ఆయన మొహం పాలిపోయింది. గోడౌను వైపు చూపు తిప్పకుండానే ఆటో పిలిపించి, గుమస్తాతో, “బేగి ఇంటికాడ దింపించు. ఈ పిల్లకి ఇయ్యాల జీతం కొయ్యకు,” అన్నాడు.

ఆ మాట షెడ్డంతా విన్నది. ఆ తర్వాత ఆవిడ కనబడడం ఎక్కువైపోయింది. ఒకరికి నీడలా, ఒకరికి గాజుల చప్పుడులా, ఒకరికి మెడ మీద చల్లటి ఊపిరిలా. అందరికీ నెలకోసారే, ఎవరి వంతు వారికి. షావుకారు గారు వణుకుతూ కూలితో సహా ఇంటికి పంపేవాడు. ఆఖరికి మనవల్ని ఎత్తిన ముసలమ్మ కూడా తనకు కనబడిందని పడిపోయింది. “నీకెందుకు కనపడతాదే ముసలీ?” అని మేస్త్రక్క గదమాయిస్తే, “పాత పరిచయం,” అందామె. బస్తాలు మోసే మగవాళ్లు తమకూ కనబడిందని వచ్చారు. “ఆవిడ మగోళ్ల జోలికి రాదు, ఎల్లండి,” అని మేస్త్రక్కే వాళ్లను తోలేసింది. కొత్తగా పెళ్లయిన ఒకమ్మాయి మాత్రం, “నాకు కనపడొద్దక్కా. కనపడిందంటే నా డేటు ఎప్పుడో ఊరందరికీ తెలిసిపోద్ది,” అని నొప్పి ఓర్చుకుంటూ కూర్చుంది.

షావుకారు గారు బలిఘట్టం నుంచి పంతులు గారిని తీసుకొచ్చి నిమ్మకాయలు కోయించాడు. ఎందుకైనా మంచిదని మా పాస్టరు గారి చేత ప్రార్థన కూడా చేయించాడు. (ఇద్దరూ తలుపు బయటే నిలబడి పని ముగించారు.) మర్నాడే మరొకరు పడిపోయారు. ఆయన ఓపిక చచ్చింది. “ఈ ఆడోళ్లందర్నీ మానిపించీసి మగోళ్లని పెట్టుకుంటాను. అప్పుడు ఎవరికి కనపడతాదో సూస్తాను,” అన్నాడు. షెడ్డులో పొట్టు తీసే చేతులు ఆగిపోయాయి. ఆ కూలి మీదే పొయ్యి వెలిగే ఇళ్లు వాళ్లవి.

అప్పుడు షావుకారమ్మ గారు లేచారు. రోజూ ఆయనకు క్యారేజీ తెచ్చి, తినే దాకా మాట్లాడకుండా కూర్చునే మనిషి. “నాను సూసొస్తాను,” అని ఒక్కర్తే గోడౌనులోకి వెళ్లి తలుపేసుకున్నారు. వాన లేదు, గాలి లేదు. లోపల జీడిపిక్కలూ లేవు. అయినా చప్పుడు మా అందరికీ వినిపించింది. ఈసారి రెండు చోట్ల నుంచి, ఒకరికొకరు జవాబు చెప్పుకుంటున్నట్టు. మేస్త్రక్క నా చెయ్యి పట్టుకుంది.

షావుకారమ్మ గారు బయటికొచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“ఉందా?” అన్నాడాయన.

“ఉన్నాది. నా పక్కనే కూకుంది.”

“ఏటి కావాలంట?”

“పూజలొద్దంట. ఆడోళ్లకి నెలకో రోజు సెలవు కావాలంట. జీతం కొయ్యకుండా. ఎందుకని ఎవరూ అడగకూడదంట.”

ఆ నెల నుంచే సెలవు వచ్చింది. దాని పేరు పలకలేక ఆయన ‘ఆ సెలవు’ అనేవాడు. కొత్త పెళ్లికూతురు కూడా తీసుకుంది. ఆ తర్వాత ఆవిడ ఎవరికీ కనబడలేదు. కొన్నాళ్లకు ధైర్యం చేసి షావుకారమ్మ గారిని అడిగాను, నిజంగా ఎవరైనా ఉన్నారా అని. ఆమె క్యారేజీ మూత బిగిస్తూ, “అబద్ధం ఆడదామనే ఎల్లేనమ్మా. లోపలికెల్లేక ఆ అవసరం రానేదు,” అన్నారు.

నా మొదటి ‘ఆ సెలవు’ నాడు, ఏ దెయ్యమూ పొమ్మనకుండానే ఇంట్లో పడుకున్నాను. అమ్మ ఆసుపత్రిలో ఆయా. రాత్రి డ్యూటీ చేసి పొద్దున్నే వచ్చి, మంచం దగ్గర నిలబడి, “జ్వరమా?” అంది.

“కాదమ్మా. సెలవు.”

“జీతం కోసీరా?”

“కొయ్యరు.”

అమ్మ చెప్పులు విడిచి, పట్టపగలు నా పక్కన నడుం వాల్చింది. అమ్మ పగలు పడుకోవడం నేనెన్నడూ చూడలేదు. నొప్పి తగ్గాక కూడా, ఎక్కడ ఆమె లేచిపోతుందోనని, కదలకుండా ఊపిరి బిగబట్టి పడి ఉన్నాను. మధ్యాహ్నం అన్నానికి వచ్చిన నాన్న చల్లటి పొయ్యినీ, మమ్మల్నీ మార్చి మార్చి చూసి, “ఏటైంది ఇద్దరికీ?” అన్నాడు.

అమ్మ కళ్లు తెరవకుండానే, “సెలవు,” అంది.

ఆ పూట నాన్నే అన్నం వండాడు. మాడింది. దెయ్యానికి భయపడి పరుగెత్తి, ఆ మాడిన అన్నాన్ని మాత్రం మారు అడిగి తిన్న ఆ పిచ్చిపిల్లని తలుచుకుంటే, ఇప్పటికీ ఒంటరిగా ఉన్నప్పుడు నవ్వొస్తుంది.