బస్సు పోతే పోనీ

పోయిన ఆదివారం పొద్దున నేను కాఫీ తాగుతూ పేపరు తిరగేస్తుంటే, తొమ్మిదో తరగతి చదువుతున్న మా మనవరాలు ఫోను పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తి వాళ్ళ అమ్మమ్మను నిలదీసింది. "అమ్మమ్మా, నీ పడవ పాట అక్కడితో అయిపోలేదు! ఇంకా సగం చరణం ఉంది, విను!" దానికీ, దానికంటే ముందు దాని తల్లికీ మా ఆవిడ జోలగా పాడిన పాట అది. రెండో చరణంలో గొంతు పైకి లేచి, ఇక మెల్లగా కిందికి దిగబోతుందనగా మా ఆవిడ ఆపేస్తుంది. మా ఇంట్లో ఆ పాట అంతవరకే. నా కూతురు చిన్నప్పుడు బడిలో పాడి సరిగ్గా అక్కడే ఆపితే, పాపం మరిచిపోయిందనుకుని పంతులమ్మ వెన్ను తట్టి కూర్చోబెట్టిందట. మా ఆవిడ నవ్వు ఆపుకుంటూ, "మీ తాతయ్యనడుగు, ఆ ఘనకార్యం ఆయనదే," అని చేయి నా వైపు చూపించింది.

నిజమే, ఆ పాటను అక్కడ తెంపింది నేనే. ఫోన్లో వేలు కదిపితే వెయ్యి పాటలొచ్చే పిల్లకు అదెట్లా జరిగిందో చెప్పబోతే సగంలోనే ఆవులించింది. క్యాసెట్ల కాలం చూసిన మీబోటివాళ్ళకైతే చెప్పొచ్చనిపించి ఇలా కూర్చున్నాను.

మాది సరూర్‌నగర్. చెరువు కింద పొలం దున్నుకునే కుటుంబం మాది. నాకు మాత్రం చిన్నప్పటి నుంచీ పాటల పిచ్చి. డిగ్రీ ఎలాగో గట్టెక్కాక, పొలం పనికి పనికిరానని మా నాన్న తేల్చేసి, దిల్‌సుఖ్‌నగర్‌లో పాటలు రికార్డు చేసిచ్చే దుకాణం నడుపుతున్న మా మేనమామ దగ్గర పెట్టాడు. జనం తమకు కావలసిన పాటలన్నీ కాగితం మీద రాసి తెచ్చేవాళ్ళు, మేము పెద్ద రికార్డుల మీది నుంచి ఒక్కొక్క పాటా ఖాళీ క్యాసెట్లోకి ఎక్కించి ఇచ్చేవాళ్ళం. అత్తారింటికి వెళ్ళే చెల్లెలికని, దవాఖానలో ఉన్న తండ్రికని, నిశ్చితార్థం అయిన పిల్లకని తెచ్చే ఆ చీటీలు చదువుతుంటే ఎవరి మనసులో ఏముందో ఇట్టే తెలిసిపోయేది. మనిషిని చూడకుండా చీటీ చూసి ఇష్టపడిన సందర్భాలు కూడా ఉన్నాయి, అవన్నీ ఇప్పుడెందుకులెండి.

మామ పనిలో మహా పట్టింపు మనిషి. క్యాసెట్టుకు ఒక్కో వైపు అరగంట. పాటల నిడివి ముందే కూడి చూసుకోవాలి, చివర్లో మిగిలిన టేపులో పాట పట్టకపోతే ఆ కాస్తా ఖాళీగా వదిలేయాలి. ఏం జరిగినా సరే, తెగిన పాట మాత్రం దుకాణం గడప దాటకూడదు. "పాట నడుమల తెంపుడంటే అన్నం తినేటోని ముంగటి నుంచి కంచం గుంజుకున్నట్టురా," అనేవాడు. ఆ మాట నేను రోజుకొకసారైనా విన్నాను, విని తలూపాను.

మా దుకాణం మీది అంతస్తులో టైపు నేర్పే ఇన్‌స్టిట్యూట్ ఉండేది. దుకాణం ముందే ఎల్.బి. నగర్ వైపు వెళ్ళే బస్సులు ఆగేవి. సాయంత్రం నాలుగున్నరకు క్లాసు వదిలితే పిల్లలంతా బిలబిలమంటూ మెట్లు దిగి బస్సులెక్కి పోయేవారు, ఒక్క అమ్మాయి తప్ప. ఆ అమ్మాయి పుస్తకాలు గుండెకు హత్తుకుని మా స్పీకరు కింద నిలబడి, పాట బాగుంటే వచ్చిన బస్సును చూసి కూడా చూడనట్టు వదిలేసేది. పాట అయ్యాక ఉలిక్కిపడి, పోయిన బస్సు కోసం రోడ్డు చివరికంటా చూసేది. అప్పటి ఎల్.బి. నగర్ ఇప్పటిది కాదు, ఒక బస్సు పోతే ఇంకొకటి వచ్చేసరికి ముప్పావు గంట పట్టేది. ఒక్కోసారి బస్సొచ్చినా, ఇంకా అవతలికి పోయే హయత్‌నగర్ వాళ్ళు వేలాడుతూ కాలు పెట్టనిచ్చేవారు కాదు.

నేను ఏ పాటకు ఆమె బస్సు వదిలేస్తుందో ఒక చీటీ వెనకాల రాసుకోవడం మొదలుపెట్టాను. అక్కడితో ఆగినా బాగుండేది. దూరాన బస్సు ముక్కు కనిపించగానే ఆమెకు నచ్చిన పాట తీసి పెట్టడం కూడా నేర్చాను. ఇరవై మూడేళ్ళ వాడికి అది గొప్ప తెలివిగా తోచింది. ఇంటికి ఆలస్యంగా వెళ్ళే ఆడపిల్లకు అక్కడ ఎన్ని ప్రశ్నలు ఎదురవుతాయో నా బుర్రకు తట్టనే లేదు, ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నెలన్నరకు పన్నెండు పాటలయ్యాయి. ఒక మధ్యాహ్నం మామ భోజనానికి వెళ్ళినప్పుడు మంచి క్యాసెట్టు తీసి, ఆ పన్నెండూ వరుసగా ఎక్కించాను. పదకొండు చక్కగా పట్టాయి. పన్నెండోది పడవ పాట, ఆమె రెండు బస్సులు వదిలేసిన ఒకే ఒక్క పాట. దానికి టేపు చాలదని లెక్క చెబుతూనే ఉంది. పెట్టాల్సిందల్లా దాని బదులు ఒక చిన్న పాట. కానీ అది లేకపోతే మిగతా పదకొండూ ఉండి ఏం లాభమనిపించింది. ఇంకాస్త టేపు ఉండకపోతుందా అని మొండికేసి ఎక్కించాను. రెండో చరణం మధ్యలో టక్కున ఆగింది. అయినా తుడిపేయడానికి చేయి రాలేదు. ఆమె పేరు తెలియదు కనక, పెట్టె మీద పేరు రాసేచోట "బస్సు పోతే పోనీ" అని రాశాను.

సాయంత్రం దాన్ని ఆమె చేతికిచ్చాను. నేను చేయమనలేదే అన్నట్టు చూసింది. "ఊకెనే, మీకే," అన్నాను, డబ్బులొద్దన్నట్టు చేయి ఊపుతూ. పెట్టె మీది అక్షరాలు చదివి, ఒక్కసారి బస్‌స్టాపు వైపు, ఒక్కసారి నా వైపు చూసి, నవ్వు దాచుకోవడానికి పుస్తకం అడ్డం పెట్టుకుంది. ఆ రోజు మాత్రం మొదటి బస్సే ఎక్కింది.

మర్నాటి నుంచి రాలేదు.

పది రోజులు. నేనెంత పరేషాన్ అయ్యానో చెప్పలేను. టైపు పరీక్ష ఇంకో నెలలో ఉందని, అది పాసైతేనే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోగలదని ఆమె స్నేహితురాలు చెప్పగా విన్నాను. ఇంట్లో క్లాసు మానిపించారట. ఆలస్యానికి కారణమేమిటని అడిగితే పాటలు వింటున్నానందట, ఎవరూ నమ్మలేదట. నిజమేనని చూపించడానికి క్యాసెట్టు బయటపెడితే అది మరీ కొంప ముంచిందట. నా సరదా ఆ పిల్ల బతుకుదెరువుకు అడ్డం పడిందని తెలిశాక నాకు అన్నం సయించలేదు. వెళ్ళి చెబుదామంటే ఏ ముఖం పెట్టుకుని వెళ్ళాలి, వెళ్తే ఆమెకు మేలు జరుగుతుందా, ఇంకా కీడా?

పదకొండో రోజు సాయంత్రం తెల్లచొక్కా, కళ్ళజోడు పెట్టుకున్న ఒక పెద్దమనిషి మా దుకాణం మెట్లెక్కి క్యాసెట్టు బల్ల మీద పెట్టాడు. పెట్టె మీది నా చేతిరాత చూడగానే ఆయనెవరో అర్థమైంది. గుంటూరు వైపు నుంచి బదిలీ మీద వచ్చి ఎల్.బి. నగర్‌లో కిరాయికుంటున్న ఆమె తండ్రి.

"ఏమండీ, ఇది మీ కొట్లో చేసిందేనా?" అన్నాడు మామతో. "పది రోజుల నుంచి వింటున్నానండీ. చివరి పాట అంత బాగా సాగుతూ సాగుతూ తెగిపోతుంది. మనిషికి మనశ్శాంతి ఉంటుందటండీ అలా చేస్తే?"

ఆయన కూతురి గురించి అడుగుతాడని నేను భయపడుతుంటే, ఆయన పాట గురించి అడుగుతున్నాడు. మామ క్యాసెట్టు పెట్టి చివరికి తిప్పి విన్నాడు. పాట తెగిన చోట మామ ముఖం నల్లబడింది. "నా దుకాణంల తెగిన పాటనా? ఎవడు చేసిండ్రా ఇది?" అని అరిచాడు. ఇంకెవరున్నారు, నేనే ఉన్నాను.

అప్పుడు చెప్పేశాను, అంతా. ఏ పాటకు ఆమె ఎన్ని బస్సులు వదిలిందో, బస్సు వచ్చేముందు ఆ పాట కావాలని పెట్టింది నేనేనని, ఆమె తప్పు ఇందులో ఏమీ లేదని, ఇంతవరకు మా ఇద్దరి మధ్య నడిచింది రెండే రెండు మాటలని, అవి కూడా నావేనని. చివరికి, "సార్, నన్నేమన్న అనుండ్రి, గని ఆమె క్లాసు బంద్ చెయ్యకుండ్రి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆయన క్యాసెట్టు పెట్టె తీసి దాని మీది అక్షరాలు మళ్ళీ చదివాడు. "అయితే మా అమ్మాయి చెప్పింది నిజమేనన్నమాట," అని, పెట్టె బల్ల మీద పెట్టి, "ఆ పాట పూర్తిగా ఉందా మీ దగ్గర?" అన్నాడు.

మామ స్టూలు తుడిచి వేశాడు. నేను రికార్డు తీసి ముల్లు పెట్టాను. ఆయన కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుని, కళ్ళు మూసుకుని విన్నాడు. మొదటి చరణంలో ఎల్.బి. నగర్ బస్సు వచ్చి ఆగింది, కండక్టరు రెండుసార్లు కేకేశాడు. ఆయన కదల్లేదు. బస్సు పోయింది. పాట అయ్యాక కళ్ళు తెరిచి ఖాళీ రోడ్డు చూసి, తర్వాత నా వైపు చూసి, నవ్వకుండా ఉండాలని గట్టిగా ప్రయత్నించాడు పాపం, కుదరలేదు.

మర్నాడు నాలుగున్నరకు ఆమె మెట్లు దిగింది. పరీక్ష పాసైంది, ఉద్యోగమొచ్చింది. ఏడాదిన్నర తర్వాత మా పెళ్ళయింది. ఆ ఏడాదిన్నరలో వాళ్ళ కారాలు, మా పులుసులు, వాళ్ళ మాట, మా మాట అంటూ రెండు వైపులా నడిచిన పంచాయతీలు రాస్తే మరో పుస్తకమవుతుంది. మా ఇంట్లో వాళ్ళకు సర్దిచెప్పింది మామ. వాళ్ళ ఇంట్లో వాళ్ళకు సర్దిచెప్పింది మాత్రం మా మామగారే. ఆ పాటను పూర్తిగా మళ్ళీ ఎక్కిస్తానని నేను ఎన్నిసార్లు అన్నా మా ఆవిడ ఒప్పుకోలేదు. "వద్దండీ, అది అక్కడ తెగబట్టే కదా నాన్న మీ కొట్టుకొచ్చారు," అనేది. విని విని ఆమె గొంతు కూడా అక్కడే ఆగడం నేర్చుకుంది. టేపు ఎప్పుడో బూజు పట్టి పోయింది కానీ, పెట్టె ఇంకా బీరువాలో ఉంది.

మనవరాలు ఆ పెట్టె వెనక నేను రాసిన పాటల పేర్లు చూసి, కాఫీ చల్లారేలోపు ఆ పన్నెండు పాటలూ వెతికి, వరుసగా అమ్మమ్మ ఫోన్లో పెట్టేసింది. నాకు నెలన్నర పట్టిన పని. మొన్న మంగళవారం కళ్ళు చూపించుకోవడానికి దిల్‌సుఖ్‌నగర్ వెళ్దామని మేమిద్దరం ఎల్.బి. నగర్‌లో మెట్రో ఎక్కాం. మా ఆవిడ చెవుల్లో ఆ పాటలు, నా చేతిలో గొడుగు. ఇప్పుడు ఏ పాటా తెగదు, ఎవరి కోసమూ ఎవరూ చీటీలు రాసుకోనక్కర్లేదు, రైలు పోయినా ఐదు నిమిషాల్లో ఇంకోటి వస్తుంది. సుఖమే, కాదనను. కానీ ఒక పాట కోసం ముప్పావు గంట పోగొట్టుకునే మనిషిని ఇప్పుడు ఎట్లా గుర్తుపట్టాలో మాత్రం నాకు తెలియదు.

అలా అనుకుంటుండగానే దిల్‌సుఖ్‌నగర్ వచ్చింది. మామ దుకాణం ఉన్నచోట ఇప్పుడు నాలుగంతస్తుల బట్టల షాపు ఉంది, అది కిటికీలోంచి కనిపిస్తుంటే నేను లేచాను. మా ఆవిడ లేవలేదు. కళ్ళు మూసుకునే ఉంది, పెదవులు కదులుతున్నాయి, ఎప్పుడూ ఆగే చోటు దాటి మెల్లగా కిందికి దిగుతున్నాయి. తలుపులు మూసుకుంటున్నాయి, స్టేషన్ పోతోందని ఆమె భుజం తట్టాను.

నా మణికట్టు పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "పోతే పోనివ్వండి, పాట ఇంకా అయిపోలేదు," అంది.

ఇంకో రెండు స్టేషన్లు దాటాక, మలక్‌పేటలో దిగాం.