గేటు పక్కన బంగారు పైన్

కోదాడ రోడ్డులోని నర్సరీలో ఆ పైన్ మొక్కను చూడగానే మనసుపడి కొనేశాను. సన్నటి సూదుల్లాంటి ఆకులు, ఎండ పడితే బంగారంలా మెరిసేవి. "ఎరువులు ఎక్కువ వెయ్యమాకండి మేడమ్, బలం ఎక్కువైతే ఈ రంగు పోద్ది" అన్నాడు నర్సరీ అతను. మిర్యాలగూడలో మా ఇంటి గేటు పక్కన నాటాను. మా ఆయన పోయి అప్పటికి ఏడాది. పరామర్శకు వచ్చేవాళ్లు ఎప్పుడో ఆగిపోయారు. టీవీ పెట్టుకుంటే తప్ప ఇంట్లో మనిషి గొంతు వినపడేది కాదు.

మాది వరి పండించే ప్రాంతం. ఇక్కడ ఆకు పసుపు రంగుకు తిరిగిందంటే జబ్బు చేసినట్టే లెక్క. దారిన పోయే ప్రతివాళ్లూ గేటు దగ్గర ఆగి డాక్టర్లయిపోయారు.

"చెట్టుకు ఏమైంది చిన్నమ్మా? జర జింకు కొట్టరాదు?" అని ఒకరు, "ఏర్లకు పురుగు పట్టినట్టున్నది" అని ఇంకొకరు.

దీని రంగే అంత మహాప్రభో అని మొత్తుకున్నా వింటేగా! విసుక్కుంటూనే చెప్పేదాన్ని. మాటలో మాటగా వాళ్ల పిల్లల జ్వరాలు, కోడళ్ల అలకలు, రైసు మిల్లులో పని కష్టాలు అన్నీ బయటపడేవి. సాయంత్రమైతే చాలు, నీళ్ల పైపు పట్టుకుని అక్కడే నిలబడేదాన్ని. మొక్కకు అన్ని నీళ్లు అక్కర్లేదని నాకూ తెలుసు.

మొన్న వానాకాలంలో సూర్యాపేటకు పెళ్లికి వెళ్తూ, పాలకీడులో వ్యవసాయం చేసుకునే మా తమ్ముణ్ణి ఇంట్లో ఉండమన్నాను. తిరిగొచ్చేసరికి వాడు పెద్ద ఘనకార్యం చేసినట్టు నవ్వుతూ ఎదురొచ్చాడు.

"చెట్టు అట్ల పసుపెక్కితే సూసుకుంట ఊకున్నవా అక్కా? యూరియా ఏసిన. ఇగ సూడు ఎట్ల లేస్తదో."

నాకు కోపం నషాళానికంటింది. "నిన్నెవడు ఎయ్యమన్నడురా?" అని అరిచాను. వాడి మొహం చిన్నబోయింది. నా మీద ప్రేమతో చేసినవాణ్ణి ఇంకేమంటాను? అన్నం పెట్టి పంపించాను.

కొత్త చిగుళ్లు ఆకుపచ్చగా వచ్చాయి. చలి మొదలయ్యేసరికి చెట్టంతా అదే రంగు. వీధి వీధంతా సంతోషించింది. ఆ తర్వాత ఒక్కరూ గేటు దగ్గర ఆగలేదు.

నిన్న ఎదురింటి అమ్మాయి కూరగాయల సంచితో వెళ్తూ, "ఇగ మీ చెట్టుకు ఫికర్ లేదు చిన్నమ్మా, మంచిగైంది" అంది. ఏం కూర చేస్తున్నావని అడిగేలోపే దాటిపోయింది. వెనక్కి పిలిచి, ఊరికే రెండు మాటలు మాట్లాడిపో బిడ్డా అనడానికి నాకు నోరు రాలేదు.