వీపు మీద అరచెయ్యి

ఊరంతా ఆపా, అంటే అక్కా, అని పిలిచే దవాఖాన నర్సు పోయిందన్న కబురు నాకు మూడో రోజున గాని తెలియలేదు. జహీరాబాద్ ఎంత ఊరని? ఇక్కడెవరికైనా తుమ్మొస్తే సాయంత్రానికి కోహీర్‌లో చెప్పుకుంటారు. ఇన్నేళ్లు మన దగ్గులనూ దమ్మునూ కనిపెట్టుకుని ఉన్న మనిషి ఊపిరి ఆగితే మాత్రం ఊరు వినలేదు.

విన్నాక ఒక పెద్దమనిషి మా ఇంటికొచ్చి, "సంతాపసభ పెడదాం. మీరే అధ్యక్షత వహించాలె," అన్నాడు. బతికున్నప్పుడు ఆమెకు గది అద్దెకివ్వనిది ఈయనే. "క్షయరోగుల్ని ముట్టుకునే చేతులు మా ఇంట్ల వద్దు," అన్నాడప్పట్లో. సభకు రానని ముఖమ్మీదే చెప్పాను. చెప్పాక నాకే సిగ్గేసింది. ఎందుకంటే ఆమె గదిలో నేను ఒక్కసారి కూడా చాయ తాగలేదు. ఈ మాట ముందే ఒప్పుకోవాలి. లేకపోతే కింద రాసేదంతా అబద్ధమవుతుంది.

నా భార్యకు ఉబ్బసం. చెరుకు గానుగలు నడిచే రోజుల్లో బెల్లం పొయ్యిల పొగ ఊరంతా కమ్మేది, ఆమెకు ఊపిరాడేది కాదు. ఒక మధ్యాహ్నం మరీ ఎక్కువైంది. చుట్టాలు తలుపులన్నీ మూసి సాంబ్రాణి వేశారు. నేను వీరుడిలా ఆ నిప్పుల మూకుడు బయట పారేసి, మూఢనమ్మకాల మీద అందరికీ క్లాసు తీసుకున్నాను. తర్వాత నేను చేసిన ఘనకార్యం ఏమిటి? విశ్రాంతి కావాలని ఆమెను వెల్లకిలా పడుకోబెట్టి, గొంతుదాకా దుప్పటి కప్పాను.

ఎవరో దవాఖానకు పరుగెత్తి చెబితే ఆపా వచ్చింది. ముందు కిటికీలు తీసింది. నా భార్యను లేపి కుర్చీలో కూర్చోబెట్టి, ఎదుట బల్ల మీద దిండు పెట్టి, దాని మీదికి ముందుకు వాల్చింది. వీపు మీద తన అరచెయ్యి ఆనించింది.

"పడుకోబెడితే కదా విశ్రాంతి?" అన్నాను నేను. ఆ మాటతో ఆగితే నేనెందుకవుతాను? ఇంకా ఏదో వాదించబోయాను.

"భాయిసాబ్, జర నోరు బంద్ జేయుండ్రి. ఆమెకు గాలి గావాలె, మీ ఉపన్యాసం గాదు."

నా భార్య అంత ఆయాసంలోనూ నవ్వబోయింది.

"నవ్వకు బహెన్, దమ్ము దాచుకో. పొయ్యి ఊదుతవు గద? గట్లనే పెదవులు దగ్గరికి వెట్టి మెల్లగ ఊదు. తొందర లేదు. నేనేడికి పోత?"

నిజంగానే పోలేదు. చెయ్యి తీయకుండా, తనూ అదే తీరుగా ఊదుతూ కూర్చుంది. కొంచెం సేపటికి రెండు ఊపిర్లూ ఒక్కటిగా వినిపించాయి. మంచినీళ్లు కావాలా అని నేనడిగితే, నా భార్యను జవాబు చెప్పనివ్వలేదు. "దమ్మున్నోళ్లు అడగాలె, లేనోళ్లు తలూపాలె," అంది. రాయికోడ్ నుంచి ఎడ్లబండ్లలో వచ్చే ముసలివాళ్లతోనూ ఇదే పద్ధతి. వాళ్లు ఉమ్మిన డబ్బాలు తనే మరగబెట్టేది.

దవాఖాన వెనుక, బొంబాయి సడక్ వైపు కిటికీ ఉన్న ఒంటి గదిలో ఉండేది. మందు చీటీ కోసం ఒకసారి వెళ్తే చాయ పెట్టింది. నా ముందే గ్లాసును సలసల కాగే నీళ్లలో వేసి తీసింది.

"ఉడకబెట్టిన, భాయిసాబ్."

"పనుంది ఆపా, మళ్లొస్త."

"మీకెప్పుడూ పనే. మీటింగులల్లనైతే అందరి చేతి చాయ తాగుతరు గద!" అని నవ్వింది. ఆ చాయ తనే తాగింది.

అంటరానితనం మీద ఎన్ని వ్యాసాలు రాశానో మీకు తెలుసు. ఇది కులం కాదు, మతం కాదు, క్రిముల జాగ్రత్త అని నాకు నేను చెప్పుకున్నాను. గది అద్దెకివ్వనాయన కూడా అదే కదా అన్నది? నా భాష కొంచెం శుభ్రంగా ఉంది, అంతే తేడా.

నా భార్య పోయాక మా ఇంటి తలుపు ఎవరూ తట్టలేదు. ఆపా ఒక్కతే వచ్చేది. మూసిన కిటికీలు తీసి కాసేపు కూర్చుని పోయేది. తనకే ఆయాసం మొదలైందని నేను గమనించలేదు. అడగలేదు కూడా.

కబురు తెలిసిన రోజే ఆ గదికి వెళ్లాను. బీదర్ నుంచి వచ్చిన ఆమె చెల్లెలు సామాను సర్దుతోంది. ఆపా ఎలా పోయిందని అడిగాను.

"కుర్చీలనే, సాబ్. దిండు మీద వాలి ఉండె. ఎవ్వరు లేరు." పొయ్యి వైపు తిరిగి, "చాయ తాగుతరా?" అంది.

"తాగుత," అన్నాను.

గ్లాసు కడగబోతే వద్దన్నాను. అలాగే పొయ్యమన్నాను.

కుర్చీ ఇంకా కిటికీ దగ్గరే ఉంది. బల్ల మీది దిండులో నుదురు ఆనిన గుంట అలాగే ఉంది. సడక్ మీద లారీ పోతే బల్ల సన్నగా వణికింది. నేను ఆ కుర్చీ వెనక నిలబడి చాయ తాగాను. రెండో చెయ్యి కుర్చీ వీపు మీద పెట్టి, చాయ అయిపోయాక కూడా తీయలేకపోయాను.