వాగు ఇవతలి వార్డు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొన్నేళ్లకు మా ఊళ్లో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. మాది సుల్తానాబాద్ దగ్గర, వాగుకు రెండు పక్కలా ఉన్న ఊరు. పటేలు ఇల్లు ఒక గట్టున, మా వాడ ఇంకో గట్టున. పాత పంచాయతీలో పెద్దగా ఉన్న పటేలే గుమాస్తాను పిలిపించుకుని, తన అరుగు మీద వార్డులు రాయించాడు. ఆ అరుగును నేను ఇప్పటికీ క్షమించలేదు.

మా గట్టున ఉన్న చావడి గోడకు కాగితం అంటించారు. వాగు ఇవతలి ఇండ్లు మూడో వార్డు, అవతలివి నాలుగో వార్డు అని అందులో ఉంది. పుట్టినప్పటి నుంచి మేము ఇవతలే. మా బాపు మూడో వార్డుకు నిలబడ్డాడు. వాడకు బావి తవ్విస్తానన్నాడు. అప్పటిదాకా మా ఆడవాళ్లవి వాగు ఇసుకలో తవ్వుకున్న చెలిమెల నీళ్లే. వాడంతా బాపు వెనకే ఉంది.

నాకది మొదటి ఓటు. కొత్త రైక తొడుక్కుని, అవ్వతో కలిసి మూడో వార్డు వరసలో నిలబడ్డాను. జాబితా ముందు కూర్చున్న ఆ గుమాస్తానే తల ఎత్తకుండా చెప్పాడు.

"మీ పేర్లు ఈడ లేవు బిడ్డా. మీరు అవతలోళ్లు. నాలుగో వార్డుకు పోండ్రి."

"మేం వాగుకు ఇవతలనే ఉంటిమి గద పెద్దయ్యా. అవతలోళ్లం ఎట్లయితం?"

"రాసిన కాడికెల్లి చూడాలె. రాసింది పటేలు అరుగు మీద."

వెనక ఎవరో నవ్వారు. బాపు పేరు కూడా నాలుగో వార్డు జాబితాలోనే ఉంది. ఆయన ఓటు కూడా ఆయనకు లేదు.

నాలుగో వార్డుకు నిలబడ్డది ఇద్దరే: పటేలు బావమరిది, పటేలు జీతగాడు. బావమరిది నచ్చకపోతే జీతగానికెయ్యి అని అక్కడున్నవాళ్లు నాతో పరాచికమాడారు. నేను ఉత్త చీటీ మడిచి పెట్టెలో వేసి వచ్చాను. సాయంత్రం లెక్కపెడితే మూడో వార్డులో బాపుకు ఒక్క ఓటూ రాలేదు.

తహసీలుకు అర్జీ రాశాను. వాగు ఉన్నచోటే ఉంది కనుక సరిహద్దులో తప్పు లేదని జవాబు వచ్చింది. ఏ గట్టున నిలబడి చూశారని మళ్లీ రాశాను.

మరుసటి ఎండాకాలం బావి మంజూరైంది. పటేలు ఇంటి వెనక తవ్వుతున్నారని విని, నమ్మలేక వాగు దాటి వెళ్లాను. అరుగు మీద నుంచి పటేలు నెమ్మదిగానే అన్నాడు:

"మీ బాపు మూడో వార్డుకే గద అడిగిండు బిడ్డా. మూడో వార్డులనే తవ్విపిస్తున్న."